జెట్‌స్కీ ఆయిల్ పంపు ఊడదీయడం: చెయ్యి దూరని ఇంజిన్ గదిలో పని (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది విశాఖపట్నం. పగలంతా టూవీలర్ల పని, తీరిక దొరికితే రుషికొండ, భీమిలి వైపు నుంచి వచ్చే పాత జెట్‌స్కీల (నీటి మీద నడిపే స్కూటర్ల) పని. ఫోన్లో అందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇదంతా పాత టూస్ట్రోక్ బళ్ల గురించే, అంటే పెట్రోలు ఒక ట్యాంకులో, ఆయిలు వేరే ట్యాంకులో పోస్తే పంపు దానంతట అదే కలిపి ఇచ్చే రకం. ఫోర్‌స్ట్రోక్ గురించి చివర్లో రెండు మాటలు ఉన్నాయి.

అన్నా, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ కమ్మేస్తోంది. పంపు పోయినట్టేనా?

కంగారు పడకండి. నా దగ్గరకి "పంపు పోయింది" అని వచ్చిన బళ్లలో చాలావాటికి పంపు బాగానే ఉంది. బండి రెండు మూడు వారాలు కదలకుండా ఉంటే ఆయిల్ ట్యాంకు పైన, పంపు కింద కదా, ఆయిలు మెల్లగా దిగి క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు గదిలోకి) చేరుతుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు ఆ ఆయిలంతా కాలి పొగ వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. తగ్గకపోతేనో, రాత్రి పెట్టి పొద్దున తీసినా అంతే పొగ వస్తేనో, అప్పుడు లోపలి సీలుని, చిన్న గొట్టాల దగ్గరుండే చెక్ వాల్వులని (ఆయిలుని ఒకవైపుకే పోనిచ్చే చిన్న కవాటాలని) అనుమానించాలి.

ఇంకో రకం ఉంది. ఇంజిన్ గది అడుగున ఆయిలు చేరుతుంది. పంపు కారుతోందని అందరూ దాన్నే తిడతారు గానీ, తుడిచి చూస్తే పంపు దాకా వచ్చే గొట్టం ఎండిపోయి, క్లాంప్ దగ్గర చీలి ఉంటుంది. మన ఊరి ఉప్పుగాలికి, ఎండకి రబ్బరు ఎన్నాళ్లు ఆగుతుంది?

మరి పంపు పనిచేస్తోందో లేదో ఊడదీయకుండా తెలిసేదెలా?

ఆయిల్ ట్యాంకు మీద మార్కర్ పెన్నుతో గీత గీయండి. ఒక 20 లీటర్ల పెట్రోలు కాల్చండి. మళ్లీ ఆ గీత దాకా ఆయిలు పోయడానికి ఎంత పట్టిందో కొలత గ్లాసుతో చూడండి. 50కి 1 లెక్కన (50 పాళ్ల పెట్రోలుకి 1 పాలు ఆయిలు) 400 మిల్లీలీటర్లు పట్టాలి. అయితే ఈ పంపులు ఎప్పుడూ ఒకే పాళ్లలో ఇవ్వవు, నెమ్మదిగా తిరిగేటప్పుడు తక్కువ, ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కువ ఇస్తాయి కాబట్టి నెమ్మదిగా నడిపినవాళ్లకి కొంచెం తక్కువ వస్తే అది తప్పు కాదు. కానీ 20 లీటర్లకి 100 మిల్లీలీటర్లు కూడా పట్టలేదంటే బండిని ఆ రోజే పక్కన పెట్టండి.

పంపు అసలు ఎక్కడుంటుంది? ఎంత వెతికినా కనబడట్లేదు.

కనబడదు, అదే తంటా. యమహా, కవాసకీ పాత ఇంజిన్లు చాలావాటిలో ముందువైపు, ఫ్లైవీల్ కవరు మీద ఉంటుంది. సీటు తీసి లోపలికి వంగితే కనీసం సగమన్నా కంటికి ఆనుతుంది. సీడూ అనే బ్రాండు బళ్లలో వచ్చే రోటాక్స్ 587, 717 లాంటి రోటరీ వాల్వ్ ఇంజిన్లలో (గుండ్రటి పళ్లెం తిరుగుతూ ఇన్‌టేక్ దారిని తెరిచి మూసే రకం) మాత్రం రోటరీ వాల్వ్ కవరు మీద, కార్బొరేటర్ల కింద నక్కి ఉంటుంది. అక్కడికి చెయ్యి పోతే కన్ను పోదు, కన్ను పోతే చెయ్యి పోదు.

ఫోన్లో వీడియో పెట్టి, టార్చి వేసి, చెయ్యి చాచి లోపల తిప్పి బయటకి తీసి చూసుకోండి. బాత్రూములో గడ్డం గీసుకునే చిన్న అద్దం ఉంటే ఇంకా మంచిది. రాబోయే రెండు గంటలు చేతి వేళ్లతోనే చూడాలి కాబట్టి ముందే ఆ బొమ్మ బుర్రలో దింపుకోవాలి.

కార్బొరేటర్లు తీయకుండా పనవుతుందా?

ఫ్లైవీల్ కవరు మీద ఉన్న రకమైతే అవుతుంది. రోటాక్స్ అయితే అవుతుందని చెప్పేవాళ్లున్నారు, నేను కూడా ఒకసారి అలాగే మొదలుపెట్టాను. మూడు గంటలు గింజుకుని, వేళ్ల కణుపులు చెక్కుకుపోయాక చివరికి కార్బొరేటర్లు తీశాను. అవి తీయడానికి పట్టింది నలభై నిమిషాలు. కాబట్టి ఎయిర్ బాక్సు, కార్బొరేటర్లు ముందే తీసేయండి. తీసిన వెంటనే ఇన్‌టేక్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కేయండి, చిన్న గుడ్డ కాదు, లోపలికి జారిపోని పెద్ద గుడ్డ. అందులో ఒక వాషర్ పడిందంటే ఇంజిన్ విప్పాల్సిందే.

మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

ఇంజిన్ చల్లారనివ్వండి. సీటు తీసి కనీసం అరగంట గాలాడనివ్వండి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, డొక్కలాంటి ఆ గదిలో అడుగునే కూర్చుంటుంది. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి. సిగరెట్ అలవాటున్న సహాయకుణ్ణి టీ తాగి రమ్మని పంపేయండి. లుంగీ కట్టుకుని ఈ పని చేయకండి, నవ్వులాట కాదు, తర్వాత గాలి తీసేటప్పుడు ఇంజిన్ తిరుగుతుంటే పక్కనే షాఫ్టు కూడా తిరుగుతుంటుంది.

బండి అంచు మీద పాత బొంత ఒకటి మడిచి వేసుకోండి. పొట్ట మీద బోర్లా పడుకుని పనిచేయాలి, ఫైబర్ అంచు పక్కటెముకల్లో దిగుతుంది. ఇక విప్పిన బోల్టుల కోసం మా ఇంట్లో మూలన పడేసిన ఇడ్లీ రేకులు తెచ్చి పెట్టుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో చోట విప్పినవి, వరసగా. మా ఆవిడ చూసి ఊరుకుంది గానీ కొత్తవి జోలికి వెళ్లొద్దని చెప్పింది.

గొట్టాలు ఎన్నుంటాయి? ఏది ఎక్కడిదో మర్చిపోతే?

మర్చిపోతారు, అందుకే విప్పకముందే గుర్తులు కట్టండి. పంపుకి ట్యాంకు నుంచి వచ్చే లావు గొట్టం ఒకటి. పంపు నుంచి సిలిండర్లకి ఒక్కొక్కటి చొప్పున వెళ్లే సన్నటి గొట్టాలు రెండు. థ్రాటిల్‌తో పాటు కదిలే కేబుల్ ఒకటి. అంతే.

రోటాక్స్ రోటరీ వాల్వ్ ఇంజిన్లలో వీటికి తోడు ట్యాంకు నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఇంకో రెండు లావు గొట్టాలు కనబడతాయి. అవి పంపువి కావు. రోటరీ వాల్వు తిప్పే గేర్లు ఉండే అరకి ఆయిలు వెళ్లే దారి అది. పంపు తీసేస్తున్నాం కదా, ఇక ట్యాంకు ఎందుకు అని ఆ రెండూ మూసి ట్యాంకు పీకేసినవాళ్లున్నారు. ఆ గేర్లు ఎండిపోయి అరిగిపోతాయి, అప్పుడు పంపు ఖర్చు చిల్లర డబ్బులనిపిస్తుంది. పంపు ఉన్నా లేకపోయినా ఆ అరలో ఆయిలు ఉండాల్సిందే.

లావు గొట్టం విప్పే ముందు ట్యాంకులో ఆయిలు సిఫాన్ పెట్టి డబ్బాలోకి తీసేయండి. బద్ధకమైతే కనీసం గొట్టం ఊడగానే దూర్చడానికి సరిపడే బోల్టు ఒకటి జేబులో పెట్టుకోండి. సన్నటి గొట్టాలని ప్లయర్‌తో లాగకండి, విరుగుతాయి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి, మెల్లగా తిప్పుతూ లాగండి.

ఎలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) తల గుండ్రంగా అరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

అందరికీ జరిగేదే. స్టీలు బోల్టు, అల్యూమినియం కవరు, మధ్యలో ఉప్పునీరు, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం చివికిపోయి తెల్లటి పొడిలా మారి బోల్టుని పట్టేస్తుంది. అందుకే బోల్టు కనబడగానే కీ పెట్టకండి. ముందు తలలోని గుంటని సన్నటి సూదితో గీకి శుభ్రం చేయండి, చెత్త ఉంటే కీ పూర్తిగా దిగదు, దిగని కీ తిప్పితే తల అరుగుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ముందు బిగించే వైపు ఒక పిసరు కదిపి, ఆ తర్వాత విప్పండి. ఆ చిన్న కదలికకే పట్టు వదులుతుంది.

చోటు లేక ఎల్ కీ తిరగకపోతే దాని పొట్టి కాలుని ఇంకా పొట్టిగా కోసి, పొడుగు కాలుకి పానా తగిలించి తిప్పండి. నా డబ్బాలో అలా కోసిన కీలు నాలుగున్నాయి. మంటతో కాల్చే ఆలోచన మాత్రం ఆ గదిలో పెట్టుకోకండి, పక్కనే పెట్రోలు ట్యాంకు. వేడి కావాలంటే సోల్డరింగ్ ఐరన్ మొన బోల్టు తల మీద ఆనించి ఉంచండి, అదీ ఆవిరంతా పోయిందని నమ్మకం కుదిరాకే.

తల పూర్తిగా పోయిందా, ఒక సైజు పెద్ద టార్క్స్ బిట్‌ని (నక్షత్రం ఆకారపు మొన ఉన్నదాన్ని) సుత్తితో కొట్టి దింపి తిప్పి చూడండి. సుత్తి ఊపడానికి చోటు లేదంటారా, నిజమే. అప్పుడిక ఇంజిన్ మౌంట్లు విప్పి కాస్త ఎత్తుకోవాల్సి వస్తుంది, అది ఈ పేజీలో పట్టేది కాదు.

బోల్టులు వచ్చేశాయి, పంపు మాత్రం కదలట్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నచ్చా?

వద్దు. ఓ-రింగ్ (కారకుండా వేసే రబ్బరు ఉంగరం) అతుక్కుని ఉంటుంది, అంతే. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే వస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తంతే కవరు ముఖం మీద గీత పడుతుంది, తర్వాత కొత్త ఓ-రింగ్ వేసినా అక్కడి నుంచి కారుతూనే ఉంటుంది. పంపు బయటకి వచ్చేటప్పుడు అడుగున అరచెయ్యి పెట్టుకోండి. షాఫ్టు చివర నాలుకలాంటి ముక్కగానీ పల్చటి వాషర్‌గానీ ఉంటే జారి పడుతుంది. కింద పడితే ఇంజిన్ కింద నీళ్లు, ఆయిలు కలిసిన బురదలో వెతుక్కోవాలి. అయస్కాంతం పుల్ల ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. రోటాక్స్‌లో పంపు బోల్టులూ రోటరీ వాల్వ్ కవరు బోల్టులూ పక్కపక్కనే ఉంటాయి. చీకట్లో తడుముతూ కవరు బోల్టు విప్పకండి. కవరు ఊడి వాల్వు పళ్లెం ఒక పన్ను జరిగిందా, టైమింగ్ మళ్లీ కొలిచి పెట్టుకోవాలి.

తీసిన పంపుని పరీక్షించేదెలా?

దానికి ఆయిలు గొట్టం తగిలించి, లివర్ పూర్తిగా తెరిచి పట్టుకుని, షాఫ్టుని డ్రిల్‌తో నెమ్మదిగా, ఇంజిన్‌లో తిరిగే దిక్కులోనే తిప్పండి. రెండు సన్నటి దారుల నుంచీ ఆయిలు చుక్కలు చుక్కలుగా, సమానంగా రావాలి. ఒకటి వచ్చి ఒకటి రాకపోతే ఆ పంపుని మళ్లీ బండికెక్కించకండి. రెండూ వస్తూ షాఫ్టు దగ్గర మాత్రం కారుతోంటే సీలు మారిస్తే చాలు.

ఓ-రింగ్, గొట్టాలు మన ఊళ్లో దొరుకుతాయా?

ఓ-రింగ్ గాజువాక ఆటోనగర్ వైపు బేరింగులు, సీళ్లు అమ్మే కొట్లలో పాతది చూపించి కొలతకి తీసుకోవచ్చు. నైట్రైల్ రబ్బరుది చాలు, వైటాన్ రబ్బరుది దొరికితే ఇంకా మంచిది. సన్నటి గొట్టం దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. లోపలి వ్యాసం సుమారు 2.4 మిల్లీమీటర్లు, పెట్రోలుకి ఆయిలుకి తట్టుకునే పారదర్శక గొట్టం కావాలి. ఒకాయన ఆసుపత్రి సెలైన్ గొట్టం వేసుకొచ్చాడు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, రేటు కూడా నచ్చింది. నెల తిరక్కుండా వేడికి గట్టిపడి గాజుపుల్లలా విరిగింది. చేపల తొట్టి గొట్టం కూడా అంతే.

బిగించేటప్పుడు జాగ్రత్తలు?

మరలకి కాస్త మెరైన్ గ్రీజు రాయండి, వచ్చేసారి మీరే నాకు దణ్ణం పెడతారు. ఓ-రింగ్‌కి ఆయిలు పూసి కూర్చోబెట్టండి. షాఫ్టు నాలుక గాడిలో కూర్చోకుండా బోల్టులతో లాగి బిగిస్తే పంపు చెవి విరుగుతుంది, చేత్తోనే పూర్తిగా కూర్చోవాలి. అల్యూమినియంలో 6 మిల్లీమీటర్ల బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పొట్టి కీతో మణికట్టు బలం, భుజం బలం కాదు. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

కేబుల్ సంగతి చాలామంది వదిలేస్తారు. పంపు లివర్ మీద ఒక గీత, ఒంటి మీద ఒక గీత ఉంటాయి. రోటాక్స్‌లో థ్రాటిల్ కేబుల్‌లో వదులు తీసేశాక, ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా రావాలి. తేడాగా ఉంటే ఆయిలు తక్కువో ఎక్కువో వెళ్తుంది. కొంచెం ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి. తక్కువైతే పిస్టన్.

గాలి తీయడం అంత ముఖ్యమా? నడిపితే అదే పోతుంది కదా?

ఈ పేజీ రాసిందే ఈ ఒక్క ప్రశ్న కోసం అనుకోండి. నేను మొదటిసారి పంపు విప్పి బిగించినప్పుడు అచ్చం ఇలాగే అనుకున్నాను. పంపు మంచిదే, సీలు కొత్తది, పని శుభ్రంగా చేశాను, స్టార్ట్ అయింది, సంతోషంగా నీళ్లలోకి దింపాం. పావుగంటలో వెనక సిలిండర్ పట్టేసింది. సన్నటి గొట్టంలో జానెడు గాలి ఉండిపోయింది, ఆ గాలి అంతా కదిలి వెళ్లేలోపు ఆ సిలిండర్‌కి ఒక్క చుక్క ఆయిలు అందలేదు. పాడైన పంపుకన్నా గాలి తీయకుండా బిగించిన మంచి పంపే ఎక్కువ ఇంజిన్లని చంపుతుందని అప్పుడు తెలిసింది. ఆ పిస్టన్ ఇప్పటికీ నా బల్ల మీద పెన్నులు పెట్టుకోవడానికి వాడుతున్నాను.

ఇలా చేయండి. ట్యాంకు నింపండి. సన్నటి గొట్టాలని బిగించే ముందే సిరంజితో ఆయిలు నింపుకోండి. పంపు మీద గాలి తీసే స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేస్తే లావు గొట్టంలోని గాలి బుడగలుగా బయటకి వస్తుంది, బుడగలు ఆగి ఆయిలు ఒక్కటే కారేదాకా ఓపిక పట్టి బిగించండి. పెట్రోలు ట్యాంకులో ఈ ఒక్కసారికి 50కి 1 లెక్కన, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలపండి. పంపు ఇంకా అందించకపోయినా ఇంజిన్ ఎండకుండా ఇదే కాపాడుతుంది. తర్వాత స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, పంపు లివర్‌ని చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకోండి. సన్నటి గొట్టాల్లో బుడగలు జరుగుతూ వెళ్లిపోవడం కంటికి కనబడుతుంది. రెండు గొట్టాలూ నిండుగా, ఒక్క బుడగ లేకుండా కనబడేదాకా వదలకండి.

ఒడ్డు మీద ఇంజిన్ తిప్పుతున్నారు కాబట్టి ఫ్లష్ గొట్టానికి కుళాయి నీళ్లు తగిలించాలి. ముందు ఇంజిన్ స్టార్ట్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయాలి, తర్వాత ఇంజిన్. తిరగేస్తే నీళ్లు సైలెన్సర్ దారిన ఇంజిన్‌లోకి వెళ్తాయి. అసలు నీళ్లే లేకుండా తిప్పితే ఎగ్జాస్ట్ రబ్బర్లు మాడిపోతాయి.

ఈ గోలంతా లేకుండా పంపు పీకేసి పెట్రోల్లోనే ఆయిలు కలుపుకుంటే?

చాలామంది చేస్తారు. సొంతానికి వాడుకునే బండి, కొలత తప్పని మనిషి అయితే నాకు అభ్యంతరం లేదు. పంపు తీసిన చోట మూత పలక వేసి, సిలిండర్లకి వెళ్లే ఆ సన్నటి దారులు కూడా గట్టిగా మూయాలి. తెరిచి వదిలితే అక్కడి నుంచి గాలి లాగి, మిశ్రమం పల్చబడి పిస్టన్ కరుగుతుంది. రోటాక్స్ గేర్ల అర సంగతి పైన చెప్పాను.

అద్దెకి తిప్పే బళ్లకి మాత్రం వద్దంటాను. ఆదివారం సాయంత్రం రద్దీలో, కుర్రాడు ఎవరో బంకు నుంచి క్యాన్ తెచ్చి ఆయిలు కలపకుండా పోసేస్తాడు. ఒక్కసారి చాలు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది తేమ లాగేసుకుంటుంది. కలిపిన పెట్రోలు నెలల తరబడి దాచకుండా ఆ వారానికి సరిపడా కలుపుకోవాలి.

ఏ ఆయిలు పోయాలి? బైక్ టూటీ (టూస్ట్రోక్) ఆయిలు పనికొస్తుందా?

మాన్యువల్ చూడండి. యమహా, కవాసకీలకి టీసీ-డబ్ల్యూ3 రకం, పాత రోటాక్స్‌కి ఏపీఐ టీసీ రకం అడుగుతారు. రెండు వేర్వేరు రకాలని ట్యాంకులో కలపకండి, కొన్ని కలిస్తే జావలా గడ్డకట్టి సన్నటి గొట్టాలకి అడ్డం పడతాయి.

కింద పడిన ఆయిలు సంగతి?

గుడ్డలతో, రంపపు పొట్టుతో ఎత్తేయండి. అలాగే వదిలి నీళ్లలోకి దింపితే బిల్జ్ పంపు (బండి అడుగున చేరిన నీళ్లు తోడే పంపు) అదంతా సముద్రంలోకి కక్కుతుంది. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన తీరాలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, అది ఉన్నా లేకపోయినా పక్కనే వలలు వేసుకునేవాళ్లున్నారు.

మాది ఫోర్‌స్ట్రోక్. ఇదే పద్ధతా?

కాదు. అందులో ఆయిలు కాలదు, పంపు ఇంజిన్ లోపలే ఉండి ఒత్తిడితో ఆయిలు తిప్పుతుంది. ఆయిల్ లైటు వెలిగితే ముందు మట్టం, తర్వాత సెన్సరు, వైరు చూడండి, సీటు కింద ఉప్పుకి చిలుము పట్టిన కనెక్టర్ వల్ల వెలిగే లైట్లే ఎక్కువ. నిజంగా పంపే అయితే చాలా బళ్లలో ఇంజిన్ పైకి ఎత్తాలి. గొలుసు కప్పీ, ఇద్దరు మనుషులు ఉంటేనే మొదలుపెట్టండి.

మొత్తం ఎంత సేపు పడుతుంది?

మొదటిసారి అయితే శనివారం పొద్దున్న మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం అనుకోండి, బోల్టులు నానబెట్టే రాత్రితో కలిపి. నాకిప్పుడు నాలుగు గంటలు. సన్నటి చేతులున్న మా బావమరిది కొడుకు వస్తే మూడున్నర.